కర్ణుడు చేసింది రైటేనా?

పదో తరగతి పిల్లాణ్ని ఒక పద్యం గురించి అడగండి. ప్రతిపదార్థం చెబుతాడు, తాత్పర్యం అప్పజెబుతాడు. అందులో ఆ మనిషి చేసిన పని నీకు నచ్చిందా అంటే మాత్రం మన మొహం చూస్తాడు. ఆ ప్రశ్న పరీక్షలో రాదు మరి!

అదే పిల్లాడు ఇంట్లో మాటకు మాట అప్పగించడంలో మొనగాడు. నెల్లూరు తీరంలోని జువ్వలదిన్నె లాంటి ఊళ్లో అయితే చెప్పనక్కర్లేదు. పడవ ఒడ్డుకు చేరగానే పడవకెంత, వలకెంత, వేటకెళ్లిన మనుషులకెంత అని వాటాలు తేల్చుకునే చోట పెరిగే పిల్లలు. ఎవరి మాట నిలబడుతుందో, ఎందుకు నిలబడుతుందో చూస్తూనే ఉంటారు. ఆ తెలివిని బడి గేటు బయటే వదిలి రమ్మంటున్నాం.

13వ శతాబ్దంలో ఈ నెల్లూరులోనే, మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన విరాటపర్వం నుంచి పదిహేను పర్వాల భారతాన్ని తెలుగు చేశాడు. వాటిలో ఉద్యోగపర్వం నిండా వాదాలే. రాయబారాలంటే అవే కదా! సంధి కుదరక తిరిగి వెళ్తూ కృష్ణుడు కర్ణుణ్ని పక్కకు పిలిచి, నువ్వు కుంతి కొడుకువి, పాండవుల్లో పెద్దవాడివి, వచ్చెయ్, రాజ్యం నీదే అంటాడు. కర్ణుడు రానంటాడు. పెంచిన తల్లి రాధను వదల్లేనంటాడు, నమ్మిన దుర్యోధనుణ్ని కాదనలేనంటాడు. వెళ్లకపోవడం రైటా, తప్పా? తరగతిని రెండుగా చీల్చి ఈ ఒక్క ప్రశ్న వదలండి.

షరతు ఒక్కటే. ఏ మాట అన్నా దానికి పుస్తకంలో ఆధారం చూపాలి. లేకపోతే సగం వాదన 1977 నాటి 'దానవీరశూర కర్ణ' సినిమా నుంచే వస్తుంది. (రానివ్వండి, తప్పేం లేదు. ఎన్టీఆర్ డైలాగు ఒకరు అందుకోగానే, పద్యంలో అలా ఉందా అని అవతలి జట్టు పేజీలు తిప్పుతుంది.) కర్ణుడు మహానుభావుడని ఒకరంటే, నిండు సభలో ద్రౌపది పక్షాన మాట్లాడిన వికర్ణుణ్ని కసిరిందెవరని ఇంకొకరు అడుగుతారు. అప్పుడు నన్నయ సభాపర్వం తెరవక తప్పదు. అర్థం తెలియని పదం కోసం నిఘంటువు వెతుక్కునేది కూడా అప్పుడే, ఓడిపోకూడదు కాబట్టి. సగం పీరియడ్ అయ్యాక జట్లు తారుమారు చేయండి. ఇందాక తిట్టినవాణ్ని ఇప్పుడు వెనకేసుకురావాలి. అసలు చదువు అక్కడ మొదలవుతుంది.

గొంతు పెద్దదున్నవాడే గెలిచే ప్రమాదం ఉంది. అందుకే నోరు విప్పని నలుగురైదుగురిని న్యాయమూర్తుల్ని చేసి, తీర్పు కారణాలతో సహా రాయమనాలి. ఇంకో సంగతి మరీ ముఖ్యం. సూతపుత్రుడన్న అవమానం లేకుండా కర్ణుడి కథ లేదు. పుట్టుకను ఎత్తిచూపే మాటలు పడ్డ పిల్లలు ఆ గదిలోనే ఉండొచ్చు. తోటివాళ్ల కులం, ఇల్లు వాదనలోకి రాకూడదని టీచరు ముందే గట్టిగా చెప్పాలి. ఆ తర్వాత ఆయన చేయాల్సిన కష్టమైన పని మాట్లాడకుండా కూర్చోవడం.

తీర్పు తేలకుండానే గంట కొడితే కొట్టనివ్వండి. దీని తర్వాత కుంతి స్వయంగా నది ఒడ్డుకు వెళ్లి కర్ణుణ్ని అడిగే ఘట్టం ఉందని చెప్పి, పుస్తకం బల్ల మీదే ఉంచి వెళ్లండి.