విన్నదానిని విచారింపుడు

ఒకనికి నల్లని వాంతి యైనదని పొరుగువాడు చెప్పగా, ఆ మాట ఊరు చుట్టివచ్చునప్పటికి వాని నోట కాకులు వెడలెనని మారిన కథను మన బాలబాలికలెల్లరు వినియున్నారు. విని నవ్వుదురు. కాని అట్టి మాటయే మనుష్యుని ప్రాణమును హరించినప్పుడు నవ్వెట్లు వచ్చును?

2018వ సంవత్సరమున, పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను వదంతి వాట్సాప్ మూలమున దేశమెల్ల వ్యాపించెను. దానికి సాక్ష్యముగా ఒక వీడియో చేతులు మారెను. అందు మోటారుసైకిలుపై వచ్చిన ఇద్దరు, వీధిలో ఆడుకొనుచున్న బాలుని ఎత్తుకొని పోవుదురు. చూచినవారు నమ్మిరి. ఆ వదంతులు ముదిరియున్న దినములలోనే, జూలై 13వ తేదీన, మనకు పొరుగుననున్న బీదరు జిల్లా ముర్కి గ్రామమున, పిల్లలకు చాకొలెట్లు పంచిన నేరమునకు, హైదరాబాదునుండి వచ్చిన కొందరు స్నేహితులమీద జనులు పడిరి. వారిలో ఒక ఇంజనీరు మరణించెను.

ఆ వీడియో ఎక్కడిది? పిల్లల భద్రతను గూర్చి తలిదండ్రులను హెచ్చరించుటకై పాకిస్తానులోని కరాచీ నగరమున తీయబడిన ప్రకటన యది. అసలు చిత్రములో ఆ ఇద్దరును బాలుని మరల తెచ్చి దింపి, హెచ్చరిక వ్రాసిన పలకను చూపుదురు. ఆ కడపటి భాగమును ఎవరో కత్తిరించిరి. పూర్తి చిత్రము మాత్రము అంతర్జాలమున అందరికిని అందుబాటులోనే యుండెను. దానిని కనుగొనుటకు అధికారము అక్కరలేదు, ధనము అక్కరలేదు; వెదకవలెనను బుద్ధి యొక్కటే చాలును.

ఆ సంవత్సరమే జోగుళాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారిణిగా నుండిన రెమా రాజేశ్వరి గారు ఊరూరికి పోలీసులను పంపి, పాటలమూలమున జనులకు ఈ సంగతి బోధింపజేసిరి. ఆ పని పాఠశాలలు చేయకూడదా?

పిల్లల చేతినుండి ఫోను లాగికొనినచో చాలునని కొందరు తలిదండ్రులు చెప్పుదురు. నేనట్లు తలంపను. నేడు లాగికొన్న ఫోను రేపు వారి చేతికి రాకమానదు. విచారణ నేర్పినచో అది జీవితాంతము తోడుండును. గణితమువలె దీనిని కూడ తరగతిలో అభ్యసింపజేయవలెను.

మన కోమటిచెరువు గట్టు తెగెనని యొక చిత్రము వచ్చెననుకొనుడు. విద్యార్థి యేమి చేయవలెను? చిత్రములోని దుకాణపు పలకలు ఏ లిపిలోనున్నవో చూడవలెను. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమువారి భువన్ పటములో మన గట్టు ఆకారమును చూచి పోల్చవలెను. ఆ దినమున వర్షమెంత కురిసెనో ప్రభుత్వపు లెక్కలలో చూడవలెను. అదే చిత్రము పూర్వము వేరొకచోట ప్రకటింపబడెనేమో వెదకవలెను. రెండు సాక్ష్యములైనను ఏకీభవించువరకు ఎవరికిని పంపరాదు. ప్రభుత్వ కార్యాలయమందలి వివరము కావలసినచో, 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టమును పురస్కరించుకొని పౌరుడెవడైనను వ్రాసి అడుగవచ్చును. సామాన్యముగా 30 దినములలో ప్రత్యుత్తరమీయవలెనని ఆ చట్టము శాసించుచున్నది.

అయితే ఒక హెచ్చరిక. బహిరంగమైన సమాచారమును పరిశీలించుట వేరు. పొరుగింటి గుట్టును తవ్వుట వేరు. తోటి విద్యార్థి ఇంటిపేరును, చిరునామాను, ఛాయాచిత్రమును వెదకి నలుగురిలో పెట్టువాడు విచారకుడు కాడు, అపకారి. నిరపరాధిని కాపాడుటకే విచారణ. వానిని వేటాడుటకు గాదు.

నిజము నిలుకడమీద తెలియునందురు. కాని ముర్కి గ్రామమున ఆ నిలుకడకు వ్యవధి దొరకలేదు. కావున బాలబాలికలారా, తలిదండ్రులారా, ఏ వార్తయైనను ఇతరులకు పంపుటకు ముందు ఒక్క గడియ ఆగి వెదకుడు. ఆ గడియలో ఒకని ప్రాణము నిలువవచ్చును.