ఆపరేషన్ వికటిస్తే.. పరిహారం దయ కాదు, హక్కు

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వ దవాఖానలో ఒక్కరోజే 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లోనే వారిలో నలుగురు చనిపోయారు. ఒక్కో కుటుంబానికి రూ.5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఎక్స్‌గ్రేషియా అంటే సర్కారు తనంతట తానుగా ఇచ్చే సాయం. తప్పు ఎవరిదో తేల్చి, నష్టాన్ని లెక్కగట్టి ఇప్పించే పరిహారం వేరు. ఈ తేడా తెలియకనే చాలా కుటుంబాలు మోసపోతున్నాయి.

ప్రైవేటు దవాఖానల దగ్గర జరిగేది మరో తీరు. పేషెంట్ చనిపోగానే బంధువుల ధర్నా, పోలీసులు, మధ్యలో పెద్దమనుషులు. రాత్రికల్లా ఎంతోకొంతకు సెటిల్‌మెంట్. ‘ఇకపై ఎలాంటి క్లెయిమ్ చేయం’ అని రాసిన కాగితం మీద సంతకం. రేపు కేసు వేస్తే దవాఖాన లాయరు ముందుగా చూపించేది ఆ కాగితాన్నే.

చట్టం ఏమంటోంది?

డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. బిల్లు బీమా కంపెనీ కట్టినా, పనిచేసే సంస్థ కట్టినా అంతే. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే సర్కారు దవాఖానలు మాత్రం ఈ చట్టం పరిధిలో లేవు. అక్కడ నష్టం జరిగితే సివిల్ కోర్టుకో, హైకోర్టుకో వెళ్లాలి. 1995 నాటి తీర్పును మళ్లీ పరిశీలించాలని 2024 మేలో సుప్రీంకోర్టు ధర్మాసనం ఒకటి అనడంతో అనుమానాలు మొదలయ్యాయి. అదే ఏడాది నవంబర్‌లో ముగ్గురు జడ్జిల బెంచ్ ఆ అవసరం లేదంది. అంటే పేషెంట్ హక్కు అలాగే ఉంది.

ఆ హక్కు విలువెంతో చెప్పడానికి హైదరాబాద్ కేసే ఉంది. 1990లో 20 ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థికి నిమ్స్‌లో ఛాతీలోని కణితికి ఆపరేషన్ చేశారు. నడుము కింది భాగం చచ్చుబడింది. బయాప్సీకి మాత్రమే అనుమతి తీసుకుని కణితి మొత్తం తీసేశారని, న్యూరోసర్జన్‌ను పిలవలేదని కోర్టు తప్పుబట్టింది. జాతీయ కమిషన్ 1999లో ఇచ్చిన పరిహారం రూ.15.5 లక్షలు. 2009లో సుప్రీంకోర్టు దాన్ని కోటి రూపాయలకు పెంచింది. మంచం పట్టిన మనిషికి జీవితాంతం కావాల్సిన నర్సింగ్, ఫిజియోథెరపీ, పోయిన సంపాదన.. అన్నీ లెక్కలోకి వచ్చాయి.

అయితే ఆపరేషన్ ఫెయిలైన ప్రతిసారీ డాక్టర్‌దే తప్పని కాదు. తోటి డాక్టర్లు మామూలుగా తీసుకునే జాగ్రత్త తీసుకున్నారా లేదా అన్నదే కోర్టు చూస్తుంది. క్రిమినల్ కేసు నిలవాలంటే ఘోరమైన నిర్లక్ష్యం రుజువు కావాలని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. మెడికల్ కౌన్సిల్ డాక్టర్ లైసెన్సును సస్పెండ్ చేయగలదు గానీ పరిహారం ఇప్పించలేదు. డబ్బు రావాలంటే వినియోగదారుల కమిషన్, లేదా సివిల్ కోర్టు.

ఫైలే సాక్షి

కేసు గెలిపించేది కాగితాలే. అడిగిన 72 గంటల్లోగా మెడికల్ రికార్డులు ఇవ్వాలన్నది నిబంధన. అడిగేది రాతపూర్వకంగా ఉండాలి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. కేస్ షీట్, ఆపరేషన్ నోట్స్, అనస్తీషియా చార్టు, సంతకం చేసిన అనుమతి పత్రం.. ఇవన్నీ అందులో ఉండాలి. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చాలదు.

మరణం జరిగినప్పుడు పోస్టుమార్టం దగ్గర చాలా ముస్లిం కుటుంబాలు ఆగిపోతాయి. తద్ఫీన్ ఆలస్యం కాకూడదన్న తపన, మయ్యత్‌ను కోయనివ్వకూడదన్న బాధ అర్థం చేసుకోదగ్గవే. పోస్టుమార్టం లేనంత మాత్రాన కేసు పోదు. కానీ మరణానికి కారణం నిరూపించడం కష్టమవుతుంది. అప్పుడు రికార్డులు, మరో డాక్టర్ అభిప్రాయమే ఆధారం. కాబట్టి నిర్ణయం ఏదైనా తెలిసి తీసుకోవాలి. ‘నసీబ్‌లో రాసుంది’ అని సబ్ర్ చేయడం వేరు, లెక్క అడగడం మానేయడం వేరు.

గడువు రెండేళ్లు. దవాఖానకు కట్టిన మొత్తం రూ.50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. రూ.5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. దవాఖాన ఏ నగరంలో ఉన్నా, బాధితులు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు.

అసలు సమస్య ఆలస్యం. నిమ్స్ కేసులో ఆపరేషన్ నుంచి తుది తీర్పుదాకా 19 ఏళ్లు పట్టింది. రోజుకూలీ మీద బతికే ఇల్లు అన్నేళ్లు ఆగలేదు. సెటిల్‌మెంట్లు అంత సులువుగా కుదరడానికి కారణం ఇదే. కమిషన్లలో కేసులు త్వరగా తేలేదాకా దవాఖాన గేటు దగ్గరి బేరం ఆగదు. ఆ బేరానికి కూర్చోక తప్పకపోయినా ముందు ఫైలు చేతికి రావాలి, సంతకం ఆ తర్వాతే.