దెయ్యం ఇచ్చిన గిటార్, తాత నేర్పిన తంబూరా

అర్ధరాత్రి నాలుగు రోడ్ల కూడలి. గిటార్ పట్టుకుని నిలబడ్డ కుర్రాడికి ఓ నల్లటి ఆకారం ఎదురవుతుంది. గిటార్ శ్రుతి చేసి చేతికిస్తుంది, బదులుగా ఆత్మను రాయించుకుంటుంది. అమెరికా బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ పేరెత్తగానే వినిపించే కథ ఇది. 1936, 1937లలో 29 పాటలు రికార్డు చేసి, 1938లో 27 ఏళ్లకే కన్నుమూసిన మనిషి చుట్టూ పురాణం అల్లుకోకుండా ఎలా ఉంటుంది?

ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ రచయితలకైతే ఇది తరగని గని. టెర్రీ ప్రాట్చెట్ 'సోల్ మ్యూజిక్' (1994)లో గిటారే వాయించేవాణ్ని ఆడిస్తుంది. షెర్మన్ అలెక్సీ 'రిజర్వేషన్ బ్లూస్' (1995)లో జాన్సన్ గిటార్‌ను అమెరికా ఆదివాసీల వాడకు చేర్చారు. సల్మాన్ రష్దీ 1999లో బొంబాయి కుర్రాణ్ని రాక్ దేవుణ్ని చేశారు.

కథగా బాగానే ఉంది. కానీ అసలు మనిషి సంగతి? మొదట్లో జాన్సన్ గిటార్ వాయిస్తే భరించలేకపోయేవారని, కొన్నాళ్లు మాయమై తిరిగొచ్చేసరికి అందరినీ మించిపోయాడని తోటి గాయకుడు సన్ హౌస్ చెప్పేవారు. ఆ కొన్నాళ్లూ అతడు ఐక్ జిమ్మర్‌మన్ అనే గిటారిస్టు దగ్గర సాధన చేశాడని పరిశోధకులు తేల్చారు. దెయ్యంతో బేరం కథ అంతకు ముందు ప్రచారమైంది కూడా టామీ జాన్సన్ అనే మరో గాయకుడి గురించి. ఏతావాతా, ఓ పేద నల్లజాతి యువకుడి కష్టం దెయ్యం ఖాతాలో జమైపోయింది.

మన దగ్గర దెయ్యం బదులు సరస్వతీ కటాక్షం ఉంటుంది. బతుకుతెరువుకు వెళ్లిన తెలుగువారెందరో స్థిరపడ్డ ఉక్కునగరం భిలాయ్‌నే తీసుకోండి. హథ్‌ఖోజ్ భారీ పరిశ్రమల వాడ, 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన కర్మాగారం, వాటికి ఆవల పండవానీ పాడే పల్లెలు. అలాంటి గనియారీ గ్రామంలో పుట్టిన తీజన్‌బాయి భారతాన్ని నేర్చుకున్నది తాత బ్రిజ్‌లాల్ పాడుతుంటే విని. మన బుర్రకథకుడిలా ఆమె చేతిలోనూ తంబూరాయే. అదే భీముడి గద అవుతుంది, అర్జునుడి రథమూ అవుతుంది. ఆడవాళ్లు కూర్చుని పాడాలన్న కట్టుబాటును కాదని నిలబడి పాడినందుకు కులం వెలివేసింది. భిలాయ్ ఉక్కు కర్మాగారం ఉద్యోగమిచ్చింది. 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ వచ్చాయి.

చదువురాని మనిషికి అన్ని పర్వాలు నోటికి ఎలా వచ్చాయంటే, అంతా దైవకృప అనేస్తే సరిపోతుంది. పొగడ్తలాగే కనిపిస్తుంది. కానీ దాంతో తాతగారి పాఠం, వెలి పడ్డ రోజులు, ఏళ్ల తరబడి చేసిన సాధన అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. పెద్ద చదువులు చదివిన విద్వాంసుడికైతే గురుపరంపర అంటాం, లేనివారికైతే వరం అంటాం. ఈ తేడా గమనించదగ్గది.

ఈ విషయంలో పదహారో శతాబ్దపు పింగళి సూరన మెరుగు. 'కళాపూర్ణోదయం' నిండా మాయలూ మహత్తులే. అయినా తుంబురుడి మీద అసూయతో రగిలిన నారదుడికి ఆయన అడ్డదారి చూపలేదు. జాంబవతి, సత్యభామ, రుక్మిణి దగ్గర వరసగా శిష్యరికం చేయించాడు. త్రిలోక సంచారి అయినా సరే, సంగీతం కావాలంటే కూర్చుని నేర్చుకోవాల్సిందే.

రేపు ఎవరైనా తెలుగు రచయిత హథ్‌ఖోజ్ కొలిముల మధ్య ఓ మంత్రాల తంబూరాను కనిపెడితే హాయిగా చదువుకుందాం. దానికి ఎన్ని మహిమలైనా ఉండనివ్వండి. మీటే చేతివేళ్ల కాయల సంగతి మాత్రం మరిచిపోకుండా రాయాలి.