సర్కారు తుమ్మను నాటుకున్నది ఎవరు?



చెరువు గర్భంలో సర్కారు తుమ్మ ఎలా అల్లుకుపోతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. దానికి ఎవరూ నీళ్ళు పోయరు. మేకలు కాయలు తింటే చాలు, గింజలు ఊరంతా చేరతాయి. పైపైన నరికితే మొదట్లోనుండి మళ్ళీ పిలకలు వేస్తుంది.

న్యాయాధిపతులు 9వ అధ్యాయం తెరవండి. చెట్లు రాజును వెదుకుతున్నాయి. ఒలీవ చెట్టు, అంజూరపు చెట్టు, ద్రాక్షావల్లి మాకొద్దన్నాయి. ముండ్లపొద ఒప్పుకుంది. తన నీడకు రమ్మంది, రాకపోతే అగ్ని వస్తుందంది. ముండ్లపొదకు నీడెక్కడిది? దాని దగ్గర ఉన్నది నిప్పే.

గెరిజీము కొండమీద యోతాము గద్దించింది ముండ్లపొదను కాదు, దాన్ని రాజుగా నాటుకున్న షెకెమువారిని. ఎందుకంటే వారు 'మనవాడే' అనుకొని అబీమెలెకుకు గుడిలోని 70 తులముల వెండి ఇచ్చారు. ఆ వెండితో అతడు అల్లరిమూకను కూలికి పెట్టుకొని సొంత సహోదరులనే చంపాడు. 3 ఏళ్ళు ఏలాక అదే షెకెమును పడగొట్టాడు. తోటమాలి నేలకు ఎరువు చల్లుతాడు. అబీమెలెకు ఆ పట్టణంలో ఉప్పు చల్లాడు.

షెకెమువారు నాయకుడికి వెండి ఇచ్చారు. మనం నాయకుడి దగ్గర నోటు తీసుకుంటున్నాం. ఇచ్చే చెయ్యి మారింది గాని 'మనవాడే' అన్న మాట మారలేదు. కులం చూసి, కవరు చూసి ఓటు వేసిన చేత్తోనే ఆదివారం ప్రభువు బల్లలో రొట్టె అందుకుంటున్నాం.

'అది మన డబ్బే కదా అయ్యగారూ, తీసుకుంటే తప్పేంటి?' అని అడుగుతారు. పెట్టినవాడు రాబట్టుకోడా? మన కాలువ సిమెంటులోనుండి, మన మంచినీళ్ళ పైపులోనుండి రాబట్టుకుంటాడు. తర్వాత అయిదేళ్ళు నోరెత్తి అడిగే హక్కు మనమే అమ్ముకున్నాం.

నేనూ నిర్దోషిని కాను. ఎన్నికల ముందు ఒక నాయకుడు మందిరానికి మైకు సెట్టు ఇస్తే, సంఘం ముందు నిలబెట్టి ప్రార్థన చేశాను. ఆ మైకులో ఈ వాక్యం చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. ప్రభువు నన్ను క్షమించును గాక.

'రాజకీయం మనకెందుకు, ప్రార్థన చేద్దాం' అనేవారికి ఒక మాట. అధికారుల కొరకు ప్రార్థించమని పౌలు తిమోతికి వ్రాశాడు, నిజమే. కానీ కలుపు తీయకుండా పంట కోసం ప్రార్థించే రైతును చూసి మీరే నవ్వుతారు. గ్రామసభకు వెళ్ళండి. వచ్చిన నిధులెన్ని, ఖర్చయినవెన్ని, అడగండి. మనలో నమ్మకమైన సహోదరుడో సహోదరియో ఉంటే వార్డుకు నిలబడమని చెప్పండి, నిలబడితే వెనుదీయకండి. ఈసారి కవరు గడప దగ్గరకు వస్తే, పిల్లలు చూస్తుండగా తిరిగి పంపించండి.

తుమ్మను తిట్టుకుంటూ కూర్చుంటే చెరువు నిండదు. వేరు తవ్వాలి. మొదటి గుంట మన గుమ్మం ముందే తీద్దాం.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.