తిరుగుటపాలో వచ్చిన కథ

పత్రికలకు కథ పంపేటప్పుడు, తపాలాబిళ్ళలంటించిన స్వీయచిరునామా కవరొకటి జతపరచడం ఒకప్పటి ఆచారం. మన చేవ్రాతలో మన పేరే ఉన్న ఆ కవరు గుమ్మంలో కనబడితే, లోపల ఏమున్నదో విప్పకుండానే తెలిసిపోయేది.

1981లో నాకట్లా ఒక కథ తిరిగివచ్చింది. మా అమ్మ బంగారుగాజులు కుదువబెట్టి నా పరీక్షరుసుము కట్టిన వృత్తాంతమది. సంపాదకులెవరో మూడవ పుట అంచున పెన్సిలుతో నిలువుగీత గీసి, "ఇక్కడ మొదలుపెట్టరాదా?" అని వ్రాశారు. దానికి ముందున్న రెండు పుటలూ సూర్యోదయవర్ణన! సమాసాల కోసం నిఘంటువు తిరగవేసి మరీ వ్రాసినది. ఆ ఏడే పండితోద్యోగంలో చేరి పిల్లల వ్యాసాలపై ధారాళంగా ఎర్రసిరా గీతలు గీస్తున్న నేను, నా వ్రాతపై ఒక్క పెన్సిలుగీతను సహించలేకపోయాను. ఆ సాయంత్రమే అక్షరం మార్చకుండా మరొక పత్రికకు పంపాను. అక్కడినుండీ తిరిగివచ్చింది. ట్రంకుపెట్టెలో పడవేశాను.

తిరిగివచ్చిన ప్రతి రచననూ దిద్దవలసిందేనని నేననను. నా పద్యఖండిక ఒకటి రెండుచోట్ల తిరస్కృతమై, మూడవచోట యథాతథంగా అచ్చయింది. సంపాదకులూ పొరబడతారు. వారి అభిరుచి కనిపెట్టి ముగింపు మార్చి పంపేవారిని చూస్తే నాకు జాలి కలుగుతుంది. కాని, తిరస్కృతి అందిన గంటలోనే అదే ప్రతిని ఈమెయిలులో ఇంకొకరికి పంపడమూ నాకు సమ్మతం కాదు. నడుమ ఒక్కసారి బిగ్గరగా చదువుకోవాలి. నోరు తడబడినచోట, కన్ను దాటవేసినచోట కలం పెట్టాలి.

గురజాడవారి కన్యాశుల్కాన్ని ఎవరూ తిప్పిపంపలేదు. 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. అయినా ఆయన దానిని మళ్ళీ చేపట్టి, 1909లో ఇంచుమించు కొత్త నాటకంగా వెలువరించారు. మనం చదివి మురిసిపోయేది ఆ రెండవ రూపాన్నే. మెప్పు పొందినదానికే ఆయన అంత శ్రమపడగా, తిరిగివచ్చినదానికి మనమొక పూట కేటాయించలేమా?

పదవీవిరమణ తరువాత ఆ ట్రంకుపెట్టె సర్దుతూ కథ బయటికి తీశాను. ఇంటావిడకు చదివి వినిపిస్తూంటే, సూర్యుడింకా ఉదయిస్తూండగానే ఆమె పొయ్యిమీద పాలు చూడడానికి లేచింది. మూడవ పుటకు వచ్చేసరికి మళ్ళీ వచ్చి కూర్చుంది. ఆ రెండు పుటలూ కొట్టివేశాను. పోయిన నెల ఒక మాసపత్రికవారు కథ వేసుకొన్నారు.

మా అమ్మకు చదువు రాదు. 1981లోనే ఆ గీతను మన్నించి ఉంటే, అచ్చయిన పుటలు ముందు పెట్టుకొని ఆమెకు చదివి వినిపించేవాణ్ణి.