చెడిన స్టీరియోలు - మరమ్మతు విద్య

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ధర్మసంస్థలు నడుపు పాతసామానుల దుకాణములందును, వారాంతమున ఇంటి ముంగిళ్ళలో జరుగు అమ్మకములందును, చెడిపోయిన స్టీరియో రిసీవరులను కారుచౌకగా కొని, తీరికవేళల బాగుచేసికొనుటయే వేడుకగా గలవారు పలువురు కలరు. ఈ వేడుకను కొందరు పిసినారితన మనుచున్నారు. కొందరు పనిలేనివాని పని యనుచున్నారు. మేమీ రెండు మాటలను అంగీకరింపము. సూక్ష్మమైన చేతిపనియు, కొంత శాస్త్రజ్ఞానమును, చాల ఓర్పును కలిసిన విద్య యిది. ఇది నిలుచుటయా, నశించుటయా యను ప్రశ్న మన యిండ్లలోని ప్రతి యంత్రమునకును సంబంధించినది.

రిసీవరనగా రేడియో ప్రసారములను గ్రహించు భాగమును, స్వరమును సవరించు భాగమును, స్పీకరులను మ్రోగించు ఆంప్లిఫైయరును ఒక్క పెట్టెలో నిమిడ్చిన యంత్రము. 1961 జూన్‌లో అమెరికాలో ఎఫ్.ఎం. స్టీరియో ప్రసారములు మొదలైన పిదప దీనికి గిరాకి హెచ్చెను. 1970 తరువాతి దశాబ్దమున మరాంట్జ్, పయొనీర్, సాన్సూయి, కెన్‌వుడ్ పేరులతో జపానులో తయారైన పెట్టెలు ఆ దేశమును ముంచెత్తెను. వియత్నాం యుద్ధమునకు పోయిన సైనికులు సేనా దుకాణములలో చౌకగా కొని ఇంటికి పంపుకొన్నవియు వీనిలో కలవు. అంతకుముందు కంపెనీలు తమ యంత్రముల శక్తిని తోచినట్లు చాటుకొనుచుండగా, 1974లో అచటి ఫెడరల్ ట్రేడ్ కమిషను వాట్ల లెక్కకు ఒక కట్టుబాటు విధించెను. దానితో నిజమైన వాట్లకే పందెము సాగెను. 1978లో వచ్చిన పయొనీర్ ఎస్.ఎక్స్. 1980 ఒక్కొక్క ప్రక్కకు 270 వాట్లు! దాని నెత్తుటకు ఇద్దరు మనుష్యులు కావలెను. నాటి యజమానులు ముసలివారైరి, కొందరు గతించిరి. పిల్లలకు ఆ బరువైన పెట్టె అక్కరలేదు. అందుచే అది దుకాణపు అరకు చేరుచున్నది.

అట్టిదాని మూత తీసి చూచినగాని మా మాట బోధపడదు. నాలుగైదు మరచీలలు విప్పినంతనే లోపలి దంతయు కన్నులకు కట్టును. ఒక మూల పెద్ద ట్రాన్స్‌ఫార్మరు, దాని ప్రక్క లావైన కెపాసిటరులు, వేడిని పోగొట్టు లోహపు రెక్కలపై బిగించిన ట్రాన్సిస్టరులు. ప్రతి భాగమును వేరుగా నుండును. దాని సంఖ్య పలకపై అచ్చువేయబడి యుండును. కంపెనీవారు మెకానిక్కులకై ప్రచురించిన పుస్తకములో సర్క్యూటు పటమును, ఏ చోట ఎన్ని వోల్టులు ఉండవలెనో ఆ లెక్కయు దొరకును. రహస్యమేమియు లేదు.

ఒక ప్రక్క స్పీకరు పలుకకుండుట, ధ్వని పెంచు మరను త్రిప్పినపుడు బరబర శబ్దము వచ్చుట, ఇవి మృత్యుచిహ్నములు కావు. స్విచ్చులలో చేరిన ధూళియు, లోహమునకు పట్టిన చిలుమును వానికి తరచు కారణము. అందుకై అమ్ము ద్రవమును చిమ్మి ఇరువది ముప్పదిమార్లు అటునిటు త్రిప్పినచో చాలవరకు పోవును. ఈ మాత్రపు జబ్బునకే యజమాని విసిగి పారవైచిన యంత్రము చేజిక్కుట బేరగాని యదృష్టము.

దీనికంటె గట్టి జబ్బు వేరొకటి కలదు. మీట నొక్కిన కొన్ని క్షణములకు లోపల రిలే టిక్కుమనవలెను. అనకున్నచో ఆంప్లిఫైయరునుండి స్పీకరువైపునకు డి.సి. విద్యుత్తు వచ్చుచుండవచ్చును. అట్టి విద్యుత్తు స్పీకరు తీగచుట్టను మాడ్చును గనుక రక్షణ సర్క్యూటు స్పీకరును కలుపనీయదు. సామాన్యముగా ఒక ట్రాన్సిస్టరు షార్టయి యుండును; అది పోవుచు ఇరుగుపొరుగు వానిని గూడ వెంటబెట్టుకొని పోవుట కలదు. అన్నిటిని పరీక్షింపక, కనబడిన దానినే మార్చి మీట నొక్కు తొందరపాటువాడు క్రొత్తదానిని క్షణములో బూడిద చేసికొనును. అందుచే అనుభవజ్ఞులు గోడలోని సాకెట్టునకును యంత్రమునకును నడుమ పాతకాలపు ఫిలమెంటు బల్బు నొకదానిని వరుసలో కలుపుదురు. బల్బు ఒక్కసారి వెలిగి మందగించినచో భయము లేదు. నిండుగా వెలిగి అట్లే నిలిచినచో లోపల షార్టు కలదు, తత్‌క్షణము ఆర్పవలెను. ఎల్.ఇ.డి. బల్బు ఈ పనికి చాలదు. తీగ ఊడదీసినను పెద్ద కెపాసిటరులు విద్యుత్తును దాచియుంచును గనుక, మీటరుతో చూచి, తగిన రెసిస్టరుద్వారా ఖాళీచేసిన పిమ్మటనే చేయి పెట్టవలెను. ఈ జాగ్రత్త తెలియనివారు, నేర్పరి ప్రక్కన లేనిదే మూత ముట్టకుందురుగాక.

అన్ని చౌకలును చౌకలు కావు. ట్రాన్స్‌ఫార్మరు మాడినదియు, నీట నానినదియు, ముందెవరో కెలికి పలకలను కాల్చినదియు ఉచితముగ నిచ్చినను కొనరాదు. పాత జపాను ట్రాన్సిస్టరుల సంఖ్యలు ముద్రించిన నకిలీ సరకు బజారులో హెచ్చుగా నున్నది. అమెరికానుండి 120 వోల్టుల పెట్టెను తెచ్చి తిన్నగా మన 230 వోల్టులకు తగిలించుట దానిని చంపుటయే. ఇక లాభమెంత యందురా? గడియలకు కూలి లెక్కగట్టినచో మిగులునది స్వల్పము, తరచు నష్టమే. నష్టమని యెరిగియు తోటపని చేసికొను గృహస్థును మన మెవ్వరమును పరిహసింపము గదా!

మన దేశమున ఈ విద్య క్రొత్తది కాదు. ట్రాన్సిస్టరు రేడియోలకాలమున ఊరూరి బజారులో రేడియో మెకానిక్కు ఉండెను. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలోను, చెన్నపట్టణపు రిచీ వీథిలోను విడిభాగములు నేటికిని దొరకును. దొరకనివి తెరచుటకు వీలైన క్రొత్త యంత్రములు. నేటి పరికరములలో పెక్కింటి మూత మరచీలలతో గాక జిగురుతో మూయబడుచున్నది. పటము కంపెనీ పెట్టెలో తాళము పడియున్నది. భాగము మార్చినను కంపెనీ సాఫ్టువేరు ఒప్పుకొనినగాని కొన్ని పనిచేయవు. ధర యంతయు చెల్లించి కొన్నవాడు దానికి యజమానియా, అద్దెవాడా?

ఈ సంగతి పాటల పెట్టెతో ఆగినది కాదు. తమ ట్రాక్టరును తాము బాగుచేసికొనుటకు సాఫ్టువేరు తాళములు అడ్డగించగా అమెరికా రైతులు పోరాడిరి. 2023లో కొలరాడో రాష్ట్రము వ్యవసాయ యంత్రములకై మరమ్మతు హక్కు చట్టము చేసెను. 2022లో ప్రపంచమున ఆరు కోట్ల ఇరువది లక్షల టన్నుల విద్యుత్పరికరముల చెత్త పేరుకొనెననియు, అందు 22.3 శాతము మాత్రమే క్రమపద్ధతిని సేకరింపబడెననియు ఐక్యరాజ్యసమితి నివేదిక తెలుపుచున్నది. మన కేంద్రప్రభుత్వమును 2022 జులైలో మరమ్మతు హక్కుపై ఒక సంఘమును నియమించి, అదే డిసెంబరులో ఒక పోర్టలును తెరచెను. వ్యవసాయ పరికరములును, ఫోనులును, వాహనములును, గృహోపకరణములును ఆ సంఘము పరిధిలో చేర్చబడినవి. ఇది మంచి ఆరంభమే. అయినను పోర్టలులో కంపెనీ సేవాకేంద్రముల చిరునామాలున్న చాలదు. ఒక యంత్రము అమ్ముడుపోవు దినముననే దాని సర్క్యూటు పటమును, భాగముల జాబితాయు కొన్నవానికిని, వాడు పిలుచుకొన్న వీథి మెకానిక్కునకును అందవలెనని మేము కోరుచున్నాము. ఏబది యేండ్లనాటి రిసీవరు నేడును పాడుచున్నదన్న, నాటి కంపెనీలు ఆ పటమును అచ్చువేసి యిచ్చుటయే అందుకు సగము కారణము.