తెర మీది సీమ

‘సినిమాల్లో సామాజిక సమస్యలు’ మీద ఈ సంచికకు వ్యాసాలు అడిగితే, కర్నూలు, కడప విద్యార్థుల్లో ఎక్కువమంది ఫ్యాక్షన్‌నే పట్టుకున్నారు. పట్టుకోక ఏం చేస్తారు? ‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001)... రాయలసీమంటే గాల్లోకి లేచే సుమోలేనని లోకం నమ్మేంత ఆడాయవి. ‘ఒక్కడు’ (2003) చూసినవాళ్లకు కొండారెడ్డి బురుజు దగ్గర కొట్లాట గుర్తే. ఆ బురుజు నీడన పొట్ట పోసుకునే తోపుడుబండ్లవాళ్లు ఎవరికి గుర్తు?

ఒకమ్మాయి మాత్రం ‘ఇంద్ర’ (2002)ను పట్టుకుని మంచి ప్రశ్న వేసింది. అందులో నీళ్ల కరువు ఉంది కదా, మరి అది హీరో త్యాగానికి మెట్టుగానే ఎందుకు మిగిలిపోయిందని. ఈ సంచికలో నాకు బాగా నచ్చిన వ్యాసం అదే.

ఒక లోటు. పులివెందుల ప్రాంతంలో పుట్టిన దర్శకుడు బి.ఎన్.రెడ్డి 1940లోనే ‘సుమంగళి’లో వితంతు వివాహాన్ని చర్చకు పెట్టారు. ఆయన్ని ఒక్కరూ తలుచుకోలేదు!

ఈసారి రాసేవాళ్లు సినిమాను రెండోసారి నోటుపుస్తకంతో చూడండి. కడపలో సి.పి.బ్రౌన్ గ్రంథాలయం ఉంది, వెళ్లండి. సీమ కథకుడు కేతు విశ్వనాథరెడ్డి కథలు చదివి, ఊళ్లో బోరు ఎండిన రైతుతో మాట్లాడి, అప్పుడు కలం పట్టండి.